కంపెనీ పడిపోయేదాకా ఆగేది లేదు

నేను పనిలో చేరిన రోజుల్లో మా జహీరాబాద్‌లో ఫోన్ అంటే ఒకటే కంపెనీ. వేరే కంపెనీలు లేవని కాదు. ఎవరైనా వేరేది కొంటే ఇంటికి చేరేలోపే "గా ఫోన్ ఎందుకు తీసుకున్నవ్?" అని నలుగురు అడిగేవాళ్ళు. చెరుకు లారీ డ్రైవర్ నుంచి తహసీల్ ఆఫీసు గుమాస్తా దాకా అందరి చొక్కా జేబులోనూ అదే ఫోన్, అదే రింగు. బస్టాండులో ఒకరి ఫోన్ మోగితే పదిమంది జేబులు తడుముకునేవాళ్ళు.

ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రిపేర్ టేబుల్ దగ్గర కూర్చున్న మొదటి ఆడపిల్లను నేనే. మాది ఝరాసంగం దగ్గర పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్ళు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, షేర్ ఆటోలో వేలాడుతూ ఇంటర్వ్యూకి వచ్చాను. సెంటర్ ఇన్‌ఛార్జి మంచివాడే. నన్ను కౌంటర్‌లో కూర్చోబెట్టి చీటీలు రాయిద్దామనుకున్నాడు.

"టేబుల్ మీద పనంటే సోల్డరింగ్ పొగ వస్తది చెల్లె. నీకు పడది" అన్నాడు.

"పత్తి చేన్ల మందు కొట్టినప్పుడు ఆ వాసన పడ్డది అన్నా. ఇది పడదా?" అన్నాను.

టేబుల్ ఇచ్చాడు.

నెల తిరక్కముందే శిక్షణకు హైదరాబాద్ పంపారు. పెద్ద హాలు, చల్లటి గాలి. సూటు వేసుకున్న ఒకాయన తెర మీద ప్రపంచ పటం చూపించాడు. దాదాపు పటమంతా కంపెనీ రంగే. "మనల్ని కదిలించగలిగినవాడు ఈ భూమ్మీద లేడు. మీరు రిటైరయ్యే రోజు కూడా మీ టేబుల్ మీ కోసం అక్కడే ఉంటుంది" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేను ఇంకాస్త గట్టిగా కొట్టాను. మా ఇంట్లో రేపటి పని ఉంటుందో లేదో తెలియకుండానే అందరం బతికాం. అలాంటి ఇంటి పిల్లకు రిటైరయ్యే దాకా అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో ఆ సూటాయనకు తెలియదు.

వారం వారం మేము కంపెనీకి ఒక ఫారం నింపి పంపాలి. ఏ మోడల్‌లో ఏ భాగం చెడిపోయింది, ఎన్ని మార్చాం, ఎన్ని తిప్పి పంపాం. కొన్నాళ్ళకు కౌంటర్ దగ్గర జనం కొత్త మాట అడగడం మొదలుపెట్టారు. ముందు కాలేజీ పిల్లలు అడిగారు, తర్వాత అల్లం వ్యాపారులు. "వేలితోని జరిపేటిది మీ దాంట్ల రాదా?" వారం వారం అడిగేవాళ్ళు పెరిగారు. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు. నేను పక్కనున్న ఖాళీలో పెన్నుతో రాశాను: ఇక్కడ జనం తాకే తెర ఫోన్లు అడుగుతున్నారు, మన ఫోన్లు వద్దంటున్నారు. నాలుగు వారాలు అలాగే రాశాను. ఐదో వారం హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. గడుల బయట రాస్తే కంప్యూటర్ తీసుకోదట, రాయొద్దట.

రాయడం మానేశాను. రెండేళ్ళలో రిపేరుకు వచ్చే ఫోన్లు కూడా తగ్గిపోయాయి. మూడో ఏడు ఒక ఉదయం నేను వెళ్ళేసరికి ఇన్‌ఛార్జి అన్న నిచ్చెన ఎక్కి బోర్డు దించుతున్నాడు. కింద నిలబడి ఒక కొస నేను పట్టుకున్నాను. బోర్డు కింద పెట్టాక ఆయన లోపలికి వెళ్ళి నా టేబుల్ చూపించాడు.

"ఇది కంపెనీ లిస్టుల లేదు. మైక్రోస్కోప్ కూడా నేను సొంతంగ తెచ్చినదే. తీసుకపో. నీ చేతిల పని ఉన్నది, దాన్ని ఎవ్వడు వాపస్ అడగడు."

ఆయన తర్వాత హైవే మీద ఒక ధాబాలో మేనేజర్‌గా కుదురుకున్నాడు. నేను బస్టాండు వెనుక గల్లీలో చిన్న దుకాణం పెట్టుకున్నాను. బోర్డు మీద "ఫోన్ రిపేర్" అని మాత్రమే రాయించాను. ఏ కంపెనీ పేరూ వద్దన్నాను. పెయింటర్ రెండుసార్లు అడిగాడు, ఖాళీగా ఉంది మేడం, ఏదైనా గుర్తు వేస్తానని. ఖాళీగానే ఉండనీ అన్నాను.

అప్పటి నుంచి ఆ దుకాణమే నా బతుకు. పెళ్ళయింది. మా ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పిల్లలు బడికి పోతున్నారు. గల్లీలో ఇంకో ఆరు ఫోన్ దుకాణాలు వచ్చాయి. ఫోన్ల కంపెనీలూ మారాయి. మళ్ళీ ఒక కంపెనీ అందరి జేబుల్లోకీ వచ్చి కూర్చుంది. ఇది మొదటిదానిలాంటిది కాదు. మొదటిది వినేది కాదు. ఇది అన్నీ వింటుంది. నువ్వు ఏం వెతుకుతున్నావో, ఎక్కడ ఆగుతున్నావో, దేన్ని రెండుసార్లు చూశావో అన్నీ దానికి తెలుసు.

ఈ కంపెనీ ఫోన్ తెర పగిలితే నేను వేరే తెర వేస్తాను. పని బాగానే ఉంటుంది. కానీ ఫోన్ తెరవగానే ఒక హెచ్చరిక వస్తుంది: ఈ ఫోన్‌లో గుర్తింపు లేని భాగం ఉంది. అదే కంపెనీ పాత ఫోన్‌లోంచి తీసిన తెర వేసినా అదే మాట. ఏ భాగం ఏ ఫోన్‌లో ఉండాలో కంపెనీ దగ్గర రాసి ఉంటుంది. వాళ్ళ యంత్రం ఒప్పుకుంటే తప్ప ఆ మాట పోదు.

గత ఏడాది ఎండాకాలంలో ఆ కంపెనీ ఏరియా మేనేజర్ మా గల్లీకి వచ్చాడు. మర్యాదస్థుడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు, మంచినీళ్ళు ఇస్తే తాగాడు. నా ముందు కాగితం పెట్టాడు. సంతకం పెడితే వాళ్ళ బోర్డు, వాళ్ళ విడిభాగాలు, ఆ హెచ్చరిక రాకుండా చేసే యంత్రం ఇస్తారు. బదులుగా వేరే కంపెనీ ఫోన్లు ముట్టుకోకూడదు. పాత ఫోన్లు విప్పి భాగాలు తీయకూడదు. ఫోన్ లోపలి బోర్డును బాగుచేయకూడదు, మొత్తంగా తీసి కొత్తది పెట్టాలి.

"ఈ లైన్లో అందరూ సైన్ చేశారు మేడమ్. మీరొక్కరే మిగిలారు."

"బోర్డు బాగు చెయ్యొద్దంటే మరి నేనేం చెయ్యాలె సార్?"

"ఏం చెయ్యక్కర్లేదు. పాతది తియ్యడం, కొత్తది పెట్టడం. మీకు శ్రమ కూడా ఉండదు."

"అంటే నాకు వచ్చిన పని చెయ్యకుండ ఉండనీకి నేను సంతకం పెట్టాలె. గంతే గదా?"

ఆయన నవ్వాడు. కోపం రాలేదు. "ఈ కంపెనీ ఎప్పటికీ ఉంటుంది మేడమ్. దానితో ఉంటే మీరూ ఉంటారు."

"ఈ మాట నేను ఇంతకుముందు విన్న సార్. చెప్పినాయన ఇప్పుడు యాడున్నడో తెల్వదు. నేను మాత్రం ఈడనే ఉన్న."

కాగితం మడిచి ఆయన చేతికే ఇచ్చాను. అప్పటికి ధైర్యంగానే ఉన్నాను. ఆయన వెళ్ళిపోయాక ఆ నెల దుకాణం కిరాయి రెండుసార్లు లెక్కేసుకున్నాను.

ఇంటికి వెళ్ళి చెప్తే మా ఆయన తల పట్టుకున్నాడు. "సంతకం పెడితే నీ సొమ్మేం పోతది? ఫ్యాక్టరీల నేను రోజు పెడ్తలేనా?"

"నువ్వు పని చేస్తనని పెడ్తవు. నన్ను చెయ్యనని పెట్టుమంటున్నరు."

మూడు రోజులు ముభావంగా ఉన్నాడు. నాలుగో రోజు మా పక్కింటాయన కూడా ఇదే సంగతి ఎత్తి నాకు బుద్ధి చెప్పబోతే, "మా ఆమెకు చెప్పేటోడు ఇంక పుట్టలే, నీకెందుకు" అని లేచి లోపలికి వచ్చాడు. ఆ మాటలో విసుగెంతో, గర్వమెంతో నేను లెక్కగట్టలేదు.

తర్వాతి నెలలు కష్టంగా గడిచాయి. గల్లీ అంతా మెరిసే బోర్డులు, నడుమ నాది వెలిసిపోయిన రేకు. తెర వేయించుకున్నవాళ్ళు మర్నాడే తిరిగి వచ్చేవాళ్ళు. ఒకాయనైతే నలుగురిలో అరిచాడు, "దొంగ సామాను పెట్టినవని ఫోనే చెప్తున్నది" అని. ఇంతకాలం నా పనికి ఎవరూ వంక పెట్టలేదు. నేను చేసిన పని మీద నేను బాగుచేసిన ఫోనే సాక్ష్యం చెప్తుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఆ మధ్యాహ్నం షట్టర్ సగం దించి కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక పిల్లల నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను:

"రిపేర్ తర్వాత ఫోన్‌లో ఒక హెచ్చరిక వస్తుంది. నా పని బాగాలేదని దాని అర్థం కాదు. కంపెనీ అనుమతి లేకుండా భాగం మార్చానని అర్థం. నిజమే. నేను అనుమతి అడగలేదు."

ఆ కాగితం చదివి మొదట నవ్వింది మా సార్. బడిలో నాకు సాంఘిక శాస్త్రం చెప్పిన ఆయన, రిటైరయ్యాక రోజూ పదకొండింటికి పేపర్ పట్టుకుని నా దుకాణంలో స్టూలు మీద కూర్చుంటారు. ఆయనకు నా మీద బెంగ ఎక్కువ. ఆ బెంగను చరిత్ర పాఠంగా చెప్తారు.

"నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. పెరిగిన ప్రతిదీ పడ్తది. బీదర్ కోటల ఇప్పుడు ఎవరున్నరు? పావురాలు. ఈ కంపెనీ కూడ గంతే. నువ్వు జర ఓపిక పట్టు, దాని రోజులు అదే లెక్కబెట్టుకుంటది."

ఆ మాట నాకు ఊరటగా ఉండాల్సింది. ఒళ్ళు మండింది.

"కోట పడేదాక దాని కింద ఊళ్ళల్ల ఉన్నోళ్ళు ఎట్ల బతికిన్రు సార్? గా సంగతి మీరు మాకు చెప్పలే."

ఆయన పేపర్ దించారు.

"మొదటి కంపెనీ పడ్డప్పుడు నేను దాని కిందనే ఉన్న" అన్నాను. "పైనున్నోళ్ళు ఇంకో కంపెనీల చేరిన్రు. మేము కింద నిలబడి బోర్డు దించుకున్నం. అది పడ్డందుకు మాకేం ఒరిగింది? దాని జాగల ఇంకోటి వచ్చి కూసున్నది. అది కాలం తీరి పడలే సార్. జనం చెప్పింది వినలే, అందుకు పడ్డది. ఇది అన్నీ వింటది. ఇది పడకపోతే? నేను ముసలిదాన్నయ్యేదాక ఓపిక పట్టుకుంటనే కూసోవాల్నా?"

"అయితే ఏమంటవ్? పడదంటవా?"

"పడ్తదో పడదో మీరే చూస్కోండ్రి. నాకు పొద్దున షట్టర్ లేపేది ఉన్నది."

సార్ పేపర్ మడిచి చంకలో పెట్టుకున్నారు. నొచ్చుకున్నారేమో అనుకున్నాను. లేచి వెళ్తూ గోడ మీది కాగితంలో ఒక అక్షరదోషం చూపించి, పెన్ను అడిగి దిద్ది వెళ్ళారు.

ఈ ఏడు వానాకాలం మొదట్లో ఒక అక్క వచ్చింది. ఝరాసంగం వైపే, మా ఊరికి రెండు ఊళ్ళ అవతల. జొన్నలూ కందులూ పండించే రైతు. వాళ్ళ ఊరి ఆడవాళ్ళ సంఘంలో విత్తనాలు దాచే పని ఆమెది. కొంగు ముడి విప్పి ఫోన్ టేబుల్ మీద పెట్టింది. నీళ్ళ తొట్టిలో పడిందట.

"బియ్యంల పెట్టుమన్నరు చెల్లె. మా ఇంట్ల జొన్నలే ఉన్నయ్. జొన్నలల్ల పెట్టిన" అంది. ఛార్జింగ్ సందులో నిజంగానే ఒక నూక ఇరుక్కుని ఉంది.

గల్లీ మొదట్లో ఉన్న కంపెనీ దుకాణంలో చూపించిందట. లోపలి బోర్డు మార్చాలి, లోపలున్నదంతా పోతుంది, దానికన్నా కొత్తది కొనుక్కో అన్నారట.

"కొత్తది నాకెందుకు? దీంట్ల మా అత్త మాట ఉన్నది."

పోయిన ఏడు చలికాలంలో వాళ్ళ అత్త ఎండలో కూర్చుని విత్తనాలు చెరుగుతూ చెప్పుకుంటూ పోతే, ఈమె రోజుకు కాస్త చొప్పున ఫోన్‌లో పట్టి పెట్టింది. ఏ గింజ దేనితో కలిపి వెయ్యాలి, ఏ కార్తెలో వెయ్యాలి, పురుగు పట్టకుండా ఎలా దాచాలి. ముసలమ్మకు చదువు రాదు, ఎక్కడా రాసింది లేదు. రెండు నెలల కింద ఆమెకు పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది.

"మనిషి ఉన్నది చెల్లె. కండ్లతోని చూస్తది. మాట లేదు" అంది అక్క.

ఫోన్ విప్పాను. లోపల పచ్చగా తుప్పు. ఈ ఫోన్లలో దాచినది బయటికి రావాలంటే ఆ బోర్డే మళ్ళీ బతకాలి, వేరే దారి లేదు. మొదటి రోజంతా తుప్పు కడిగి, ఒక్కో దారీ మీటరుతో చూస్తూ పోయాను. ఎక్కడో షార్ట్ అవుతోంది, ఎక్కడో దొరకడం లేదు. సాయంత్రం ఒక భాగం మీద అనుమానం వచ్చి దాన్ని వేడిచేసి లేపాను. చెడింది అది కాదు. పైగా పట్టుకున్న చిమటాలోంచి జారి కింద పడిపోయింది. గసగసమంత ముక్క. మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా వెతికినా దొరకలేదు. పాత ఫోన్ ఒకటి విప్పి దాని భాగం తీసి ఇక్కడ అతికాను. సంతకం పెట్టి ఉంటే నా దగ్గర ఆ పాత ఫోనే ఉండేది కాదు.

మర్నాడు ఆమె పొద్దున్నే వచ్చి సార్ స్టూలు మీద కూర్చుంది. సార్ వచ్చి నిలబడ్డారు. బోర్డు మీద స్పిరిట్ రాసి కొద్దిగా కరెంటు ఇచ్చి మైక్రోస్కోప్‌లో చూస్తూ ఉన్నాను. చెడిపోయిన భాగం వేడెక్కుతుంది, అక్కడ తడి ముందు ఆరుతుంది. మూడోసారికి ఒక చుక్కంత చోటు ఆరింది. దాన్ని లేపాను. మీటరు మీద ముల్లు కదిలింది. తెర కలిపాను.

ఫోన్ వెలిగింది. వెలిగి ముందుగా తన హెచ్చరిక చెప్పింది.

"ఏమంటున్నది అది?" అని అడిగింది అక్క.

చదివి వినిపించాను.

"నా ఫోన్ల ఏమున్నదో నాకు తెల్వదా? అది చెప్పేదేంది?" అని వేలితో దాన్ని పక్కకు తోసేసింది. వెతికి వెతికి ఒక చోట నొక్కింది. చేట చప్పుడు, ఎక్కడో కోడి, తర్వాత ఒక ముసలి గొంతు: "పచ్చజొన్న ఆరు సాళ్ళు పోనియ్యి, కంది ఒక్క సాలు. నడుమ అనుములు ఎయ్యి. మృగశిర పోనియ్యకు, ఇంటున్నవా?"

"ఇంటున్న అత్తా" అంది అక్క, ఫోన్‌లో కాదు, నా దుకాణంలో. అన్నాక తనే ఉలిక్కిపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు, చాలాసేపు తుడిచారు.

ఆ గొంతునంతా మూడు మెమరీ కార్డుల్లోకి ఎక్కించి ఇచ్చాను. "ఒక్క ఫోన్లనే పెట్టకు అక్కా. విత్తనమంత ఒక్క కుండల పెడ్తవా?"

"పెట్టం" అంది. కార్డులు కొంగులో కట్టుకుంది. లేవలేదు. నా టేబుల్ వంక చూస్తూ, "ఇప్పుడు నువ్వు చేసింది నాకు నేర్పుతవా?" అని అడిగింది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

అలా మొదలైంది. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక షేర్ ఆటో ఎక్కి వాళ్ళ ఊరికి పోతున్నాను. సంఘం గదిలో చాప మీద ఐదారుగురు ఆడవాళ్ళు కూర్చుంటారు. మొదటి రోజు ఫోన్ విప్పడమే నేర్పాను. కాగితం మీద ఫోన్ బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూనూ బొమ్మలో దాని చోటే పెట్టాలని చెప్పాను. పాలిటెక్నిక్‌లో మాకు ఆ ఒక్క పనికే వారం పట్టింది. వీళ్ళకు ఒక పూట చాలింది. చిన్నప్పటి నుంచి చేటలో గింజకూ గింజకూ తేడా పట్టిన వేళ్ళు అవి. గసగసమంత భాగం వీళ్ళ చేతిలోంచి జారదు. నేను జార్చానని చెప్తే, "చూపు యాడ పెట్టినవ్?" అని నన్నే గద్దించారు.

ఈ సంగతి ఎలా తెలిసిందో, ఏరియా మేనేజర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి నీళ్ళు వద్దన్నాడు.

"పల్లెల్లో ట్రైనింగ్ ఇస్తున్నారట. అర్హత లేనివాళ్ళు మా ఫోన్లు విప్పితే ప్రమాదం మేడమ్."

"బ్యాటరీ సంగతే మొదలు చెప్పిన సార్, ఎట్ల పట్టుకోవాలె, ఎట్ల పట్టుకోవద్దని. సరే గని, మీ ఫోన్లన్నరు. కొన్నది ఎవరు?"

"కొన్నది వాళ్ళే. కానీ..."

"గా కానీ దగ్గరనే మనకు కొట్లాట."

ఆయన గోడ మీది కాగితం చదివి వెళ్ళిపోయాడు. నా మీద ఏం రాసుకున్నాడో తెలియదు. ఏం చేస్తారో కూడా తెలియదు. వచ్చే ఏడు ఆ హెచ్చరిక బదులు ఫోనే తెరుచుకోకుండా చెయ్యొచ్చు. అంత శక్తి వాళ్ళకు ఉంది. అప్పుడు తెరుచుకునేలా ఎట్లా చెయ్యాలో కూర్చుని చూస్తాను. ఒక్కదాన్నే చూడనక్కర్లేదు, అదొక్కటి మారింది.

పోయిన ఆదివారం వెళ్ళేసరికి అక్క తన ఇంటి అరుగు మీద పీట వేసి, దాని మీద తెల్లగుడ్డ పరిచి పని చేస్తోంది. పక్క ఊరి నుంచి ఒకతను ఛార్జింగ్ ఎక్కడం లేదని ఫోన్ తెచ్చాడు. గుమ్మం లోపల మంచం మీద వాళ్ళ అత్త ఒత్తిగిల్లి పడుకుని అంతా చూస్తోంది. అతను కాస్త భయపడుతూనే అడిగాడు, "విప్పుతున్నవ్, కంపెనీని అడిగినవా?"

అక్క తల ఎత్తలేదు. "నా చేన్ల ఏం ఎయ్యాలెనో ఇంతదాక ఎవ్వర్ని అడగలే. దీనికి అడుగుతనా?" అంటూ మొదటి స్క్రూ తీసి, కాగితం మీద దాని చోట్లో పెట్టింది.